డైపర్ ర్యాష్: ఏ క్రీమ్ రాయాలి, ఏ డైపర్ వాడాలి, ఎప్పుడు డాక్టర్‌కి చూపించాలి

డైపర్ విప్పగానే బిడ్డ పిర్రలు ఎర్రగా కందిపోయి కనిపిస్తే ఎవరికైనా ప్రాణం విలవిల్లాడుతుంది. తుడవబోతే ఏడుపు, కూర్చోబెడితే ఏడుపు. ఆ టెన్షన్‌లో చేతికందిన ట్యూబ్ రాసేస్తాం. తగ్గకపోతే మర్నాడు ఇంకోటి. ఒకరు చెప్పారని పౌడర్ చల్లుతాం, ఇంకొకరు చెప్పారని డైపర్ బ్రాండ్ మారుస్తాం. ఇలా నాలుగైదు మార్పులు ఒకేసారి జరిగాక ఏది పనిచేసిందో, ఏది ముదరబెట్టిందో చెప్పడం డాక్టర్‌కి కూడా కష్టమే.

నిజానికి "ఏ క్రీమ్ మంచిది" అన్న ప్రశ్న రెండోది. "ఇది ఏ రకం ర్యాష్" అన్నది మొదటిది. తడికి కందిన చర్మాన్ని కాపాడే క్రీమ్ ఫంగస్‌ని చంపలేదు. ఫంగస్ మందు మామూలు ఒరుపుకి అక్కర్లేదు. కాబట్టి ట్యూబుల దగ్గరికి వెళ్లే ముందు చర్మం దగ్గర కాసేపు ఆగుదాం.

## అసలు చర్మం ఎందుకు కందిపోతుంది

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది. దాని పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; తక్కువైతే ఆమ్లగుణం ఎక్కువ) సుమారు 5.5. డైపర్‌లో మూత్రం, మలం కలిసినప్పుడు మలంలోని బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాని విడగొట్టి అమ్మోనియా తయారుచేస్తుంది. దాంతో పీహెచ్ పెరుగుతుంది. అలా పెరిగినప్పుడు మలంలో ఉండే, ప్రొటీన్లనీ కొవ్వునీ అరిగించే ఎంజైములు చురుగ్గా పనిచేయడం మొదలుపెడతాయి. పేగుల్లో ఆహారాన్ని అరిగించాల్సిన ఎంజైములు ఇక్కడ తడిసి మెత్తబడ్డ చర్మం మీద పనిచేస్తాయి. దానికి డైపర్ రాపిడి తోడైతే పైపొర లేచిపోతుంది.

ఇందులో నాలుగు విషయాలు ఉన్నాయి: చర్మం తడిగా ఎంతసేపు ఉంది, మలం చర్మాన్ని ఎంతసేపు తాకింది, రాపిడి ఎంత, మనం తుడిచేటప్పుడూ పూసేటప్పుడూ కొత్తగా ఏం కలుపుతున్నాం. కింద చెప్పే ప్రతి క్రీమునీ, డైపర్‌నీ, వైప్‌నీ ఈ నాలుగింటితోనే కొలవండి. వీటిలో ఒక్కదాన్నీ తగ్గించని వస్తువు ఎంత ఖరీదైనదైనా మీకు అవసరం లేదు.

తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల మలంలో పీహెచ్ తక్కువగా ఉంటుంది, ఎంజైముల చురుకుదనం కూడా తక్కువే. అందుకే వాళ్లలో ర్యాష్ కొంత తక్కువగా కనిపిస్తుంది. ఘనాహారం మొదలయ్యాక మలం స్వభావం మారిపోతుంది. 9 నుంచి 12 నెలల వయసులో ర్యాష్ ఎక్కువగా కనిపించడానికి ఇదొక కారణం. ఆ వయసులో మొదటిసారి ర్యాష్ వస్తే మీ శుభ్రతలో లోపం ఉందని బాధపడకండి.

## మీ బిడ్డకి వచ్చింది ఏ రకం

మంచి వెలుతురులో, తొడల మడతలు మెల్లగా విప్పి చూడండి. ఆ మడతల్లోనే సగం జవాబు దొరుకుతుంది.

ఒరుపు, తేమ వల్ల వచ్చే మామూలు ర్యాష్. ఎక్కువగా కనిపించేది ఇదే. డైపర్ గట్టిగా తాకే ఎత్తు భాగాలు, అంటే పిర్రలు, తొడల పైభాగం, పొత్తికడుపు కిందిభాగం ఎర్రబడతాయి. మడతల లోపల చర్మం దాదాపు మామూలుగానే ఉంటుంది. తేమని తగ్గించి పైన మందపాటి పూత వేస్తే రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది.

ఫంగస్ ర్యాష్. క్యాండిడా అనే ఈస్ట్ వల్ల వస్తుంది. మడతల లోపల కూడా ముదురు ఎరుపు ఉంటుంది. పెద్ద ఎర్ర మచ్చ అంచు దాటాక చుట్టూ విడివిడిగా చిన్న ఎర్ర చుక్కలు కనిపిస్తాయి. ఇదే ముఖ్యమైన గుర్తు. బిడ్డగానీ, పాలిచ్చే తల్లిగానీ ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. నోట్లో చూడండి: నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి పొర ఉంటే అది కూడా ఇదే ఈస్ట్ కావచ్చు. మామూలు ర్యాష్ మూడు రోజులు దాటి తగ్గకుండా ఉంటే దాని మీద ఈస్ట్ చేరడం సాధారణమే.

బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్. చీముపొక్కులు, నీటి పొక్కులు, తేనెరంగు పక్కు దీని గుర్తులు. ఇంకో రకంలో మలద్వారం చుట్టూ మాత్రమే గీత గీసినట్టు చిక్కటి ఎరుపు ఉంటుంది, మలవిసర్జనకి బిడ్డ నొప్పితో ఏడుస్తుంది, ఒక్కోసారి మలం మీద రక్తపు చారలు కనిపిస్తాయి. ఇది స్ట్రెప్టోకాకస్ వల్ల వచ్చేది. పైపూతలతో తగ్గదు, సాధారణంగా యాంటీబయాటిక్ నోటి ద్వారా ఇవ్వాల్సి వస్తుంది.

అలెర్జీ. డైపర్ నడుం పట్టీ, కాళ్ల దగ్గర ఎలాస్టిక్ తాకే చోట మాత్రమే, లేదా వైప్‌తో తుడిచే చోటంతా ర్యాష్ వస్తుంటే కొత్తగా ఏం మొదలుపెట్టారో గుర్తుచేసుకోండి.

చామనఛాయ, నలుపు చర్మంలో ఎరుపు స్పష్టంగా కనబడదు. ముదురు గోధుమరంగుగా, ఊదాగా, కొన్నిసార్లు బూడిదరంగుగా ఉండొచ్చు. అలాంటప్పుడు చుట్టుపక్కల చర్మంతో పోల్చి చూడండి. తాకితే వెచ్చగా, గరుకుగా ఉందా, బిడ్డ ఉలిక్కిపడుతోందా గమనించండి. ర్యాష్ మానాక ఆ చోటు కొన్నాళ్లు తెల్లబారినట్టో నల్లబడినట్టో ఉండొచ్చు. చాలావరకు అది నెమ్మదిగా సర్దుకుంటుంది.

## పైపూతలు: జింక్ పేస్టా, పెట్రోలియం జెల్లీనా?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ముందుగా ఒక విషయం. ఈ పూతలు ర్యాష్‌ని నయం చేసే మందులు కావు. గొడుగు వాన మీద పడకుండా ఆపుతుందే గానీ తడిసిన బట్టల్ని ఆరబెట్టదు కదా, ఇవీ అంతే. కింద చర్మం తనంతట తాను బాగుపడేదాకా తడి, మలం తగలకుండా అడ్డుగా నిలబడతాయి. అందుకే తడి చర్మం మీద పూస్తే ఆ తడి లోపలే చిక్కుకుపోతుంది. పూసేముందు ఆరనివ్వాలి.

| | తడిని అడ్డుకోవడం | మాటిమాటికీ విరేచనమైతే నిలబడటం | తుడవడానికి | బట్ట డైపర్‌తో | ఎప్పుడు బాగుంటుంది |
|---|---|---|---|---|---|
| జింక్ ఆక్సైడ్ పేస్ట్ (40 శాతం వరకు) | చాలా బాగా | బాగా నిలుస్తుంది | కష్టం | మరకలు, బట్ట పీల్చే శక్తి తగ్గుతుంది | చర్మం కందినప్పుడు, విరేచనాలప్పుడు, రాత్రిపూట |
| జింక్ ఆక్సైడ్ క్రీమ్ (10 శాతం చుట్టుపక్కల) | బాగానే | ఓ మోస్తరు | తేలిక | మరకలు పడొచ్చు | కొద్దిపాటి ఎరుపుకి |
| పెట్రోలియం జెల్లీ | బాగా | ఓ మోస్తరు | తేలిక | బట్టకి అంటి పీల్చే శక్తి తగ్గుతుంది | రోజువారీ నివారణకి, సున్నితమైన చర్మానికి |
| కొబ్బరి నూనె | కొద్దిగా | నిలవదు | చాలా తేలిక | కొంత అంటుతుంది | ర్యాష్ లేనప్పుడు, పొడిబారిన చర్మానికి |

జింక్ ఆక్సైడ్ పేస్ట్ చిక్కగా, తెల్లగా, మొండిగా ఉంటుంది. ఆ మొండితనమే దాని గుణం. రోజుకి ఏడెనిమిదిసార్లు విరేచనమయ్యే బిడ్డకి పల్చటి క్రీమ్ రాస్తే ఒక్క తుడుపుతో పోతుంది. పేస్ట్ చర్మాన్ని పట్టుకుని ఉంటుంది. అయితే దాన్ని ప్రతిసారీ పూర్తిగా తీసేయాలని రుద్దితే పూత వల్ల వచ్చిన లాభం రుద్దుడుతో పోతుంది. మలం అంటిన పైపొరని మాత్రం తడి దూదితో తీసేసి, అడుగున శుభ్రంగా ఉన్న పేస్ట్‌ని అలాగే ఉంచి, దాని మీద ఇంకో పూత వేయండి. రోజుకొకసారి మొత్తం తీయాలనుకుంటే దూదికి కొంచెం మినరల్ ఆయిల్ అద్ది తుడిస్తే తేలిగ్గా వస్తుంది.

పెట్రోలియం జెల్లీ గొప్పదనం దాని సాదాతనం. సువాసన కలపని రకంలో అలెర్జీ తెప్పించే పదార్థాలు దాదాపు ఉండవు. ర్యాష్ లేని రోజుల్లో రాత్రి డైపర్ ముందు పూయడానికి, వైప్ మార్చినా డైపర్ మార్చినా ఎర్రబడే పిల్లలకి నేనైతే ముందు దీన్నే చెబుతాను. చర్మం బాగా కందిపోయాక మాత్రం ఇదొక్కటే సరిపోకపోవచ్చు. అప్పుడు కింద జింక్ పేస్ట్ మందంగా వేసి, పైన జెల్లీ పల్చగా పూస్తే పేస్ట్ డైపర్‌కి అంటుకోదు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలన్న నియమం ఏమీ లేదు.

ఎంత పూయాలి? చాలామంది మాయిశ్చరైజర్‌లా పల్చగా రుద్ది ఇంకించేస్తారు. అది అడ్డుగోడ కాదు. కింద చర్మం రంగు కనిపించనంత మందంగా పరవాలి, రుద్దకూడదు.

ట్యూబ్ మీద పదార్థాల జాబితా ఎంత చిన్నదైతే అంత మంచిది. సువాసన, రంగు కలిపినవి వద్దు. బోరిక్ యాసిడ్, కర్పూరం, ఫినాల్, బెంజోకెయిన్, శాలిసిలేట్లు ఉన్నవాటిని పసిపిల్లల డైపర్ భాగంలో అసలు వాడకూడదు. పైపొర లేచిన చర్మం మందుని మామూలుకంటే ఎక్కువగా లోపలికి పీల్చుకుంటుంది, పైన డైపర్ బిగిస్తే ఇంకా ఎక్కువ. ఒకప్పుడు డైపర్ ర్యాష్‌కి వాడిన బోరిక్ యాసిడ్ వల్ల పసిపిల్లల ప్రాణాలే పోయాయి.

## మందు క్రీములు: ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి

ఫంగస్ మందులు. క్లోట్రిమజోల్, మైకోనజోల్, నిస్టాటిన్ మూడూ క్యాండిడా మీద పనిచేస్తాయి. ఈ మూడింట్లో ఏది గొప్ప అని తల బద్దలుకొట్టుకోవాల్సిన పని లేదు. డాక్టర్ ఏది రాస్తే అది వాడండి. ఫలితాన్ని నిర్ణయించేది వాడే పద్ధతి. ఆరిన చర్మం మీద ముందు ఫంగస్ మందు పల్చగా, మడతల లోపల కూడా అందేలా రాయాలి. కాసేపు ఆగి దాని మీద జింక్ పేస్ట్ వేయాలి. తిరగేసి చేస్తే మందు చర్మానికి చేరదు. మందు డాక్టర్ చెప్పినన్నిసార్లే, సాధారణంగా రోజుకి రెండు మూడుసార్లు. పేస్ట్ మాత్రం ప్రతి డైపర్ మార్పుకీ. ఎరుపు తగ్గగానే మానేయకుండా డాక్టర్ చెప్పిన రోజులన్నీ వాడండి. పైకి బాగైనట్టు కనిపించినా ఈస్ట్ మిగిలి ఉంటే మళ్లీ లేస్తుంది.

హైడ్రోకార్టిసోన్. ఇది తక్కువ శక్తి ఉన్న స్టెరాయిడ్. వాపు, ఎరుపు ఎక్కువగా ఉన్నప్పుడు 1 శాతం లేదా అంతకన్నా తక్కువ ఉన్న క్రీముని కొద్దిరోజులు పల్చగా రాయమని డాక్టర్లు చెప్పడం ఉంది. చెప్పిన రోజులకి ఆపేస్తే భయం లేదు. సొంతంగా మొదలుపెట్టడం, ఎరుపు కనిపించినప్పుడల్లా రాయడం తప్పు.

మూడు మందులు కలిపిన ట్యూబులు. వీటి గురించి గట్టిగా చెప్పాలి. ఫంగస్ మందు, యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఒకే ట్యూబ్‌లో కలిపి అమ్మేవి ఉన్నాయి. "ఏ రకమైనా తగ్గిపోతుంది" అన్న మాట వినడానికి చాలా ధైర్యంగా ఉంటుంది. వాటిలో స్టెరాయిడ్ తరచుగా బెటామెథసోన్, క్లోబెటసాల్ లాంటి శక్తిమంతమైనది. రాసిన మర్నాడే ఎరుపు తగ్గుతుంది, అందుకే మనకి నమ్మకం కుదురుతుంది. కానీ తగ్గింది వాపే, కింద ఫంగస్ పెరుగుతూనే ఉండొచ్చు. డైపర్ కింద మూసి ఉన్న ఆ సున్నితమైన చర్మంలోకి స్టెరాయిడ్ బాగా దిగుతుంది. చర్మం పల్చబడుతుంది, చారలు పడతాయి, పిర్రల మీద ఎర్ర ఊదా గడ్డలు లేస్తాయి. ఎక్కువ రోజులు వాడితే రక్తంలోకి చేరి, శరీరం స్వయంగా తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్‌ని కూడా దెబ్బతీయగలదు. పెద్దవాళ్ల గజ్జల దురదకి తెచ్చిన ట్యూబ్ ఇంట్లో ఉంటే అది బిడ్డ వస్తువుల దగ్గర లేకుండా చూడండి. ట్యూబ్ మీద పేర్లు చదివినప్పుడు "-సోన్", "-సాల్" అని ముగిసే మాట కనిపిస్తే, పిల్లల డాక్టర్‌ని అడగకుండా రాయొద్దు.

## తుడవడం: నీళ్లా, వైప్సా?

చర్మం బాగున్న రోజుల్లో సువాసన, ఆల్కహాల్ లేని వైప్స్‌కీ, గోరువెచ్చటి నీళ్లలో ముంచిన దూదికీ పెద్ద తేడా లేదు. ప్రయాణంలో వైప్సే నయం. మలం అంటిన చర్మాన్ని నీళ్లు దొరికేదాకా అలా ఉంచడం కంటే వైప్‌తో తుడవడం ఎన్నో రెట్లు మంచిది.

చర్మం కందాక లెక్క మారుతుంది. పైపొర లేచిన చోట వైప్ మండుతుంది, రాపిడి కూడా తోడవుతుంది. అప్పుడు గోరువెచ్చటి నీళ్లు పోసి కడగడం, లేదా టబ్‌లో కాసేపు కూర్చోబెట్టడం అన్నిటికన్నా హాయి. మొండిగా అంటిన మలానికి మాత్రం ఘాటులేని, సబ్బు కాని క్లెన్సర్ కొంచెం వాడొచ్చు. మామూలు సబ్బు క్షారగుణం కలది, పీహెచ్‌ని పెంచుతుంది. మనం తగ్గించాలనుకుంటున్నది సరిగ్గా దాన్నే. మూత్రం మాత్రమే పోసిన ప్రతిసారీ సబ్బుతో కడగాల్సిన అవసరం లేదు.

వైప్ ఎంచుకునేటప్పుడు మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే ప్రిజర్వేటివ్ ఉందేమో చూడండి. దీనివల్ల చర్మ అలెర్జీలు ఎంతగా పెరిగాయంటే 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్ని "ఆ ఏటి అలెర్జెన్"గా, అంటే ఆ ఏడాది అందరూ గమనించాల్సిన అలెర్జీ కారకంగా, ప్రకటించింది. యూరోపియన్ యూనియన్ 2017 నుంచి, కడిగేయకుండా చర్మం మీద వదిలేసే ఉత్పత్తుల్లో, వైప్స్‌తో సహా, దీని వాడకాన్ని నిషేధించింది.

తుడిచాక ఆరబెట్టడం మర్చిపోవద్దు. మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. ముందు నుంచి వెనక్కి తుడవడం ఆడపిల్లల విషయంలో తప్పనిసరి. హెయిర్ డ్రైయర్ వద్దు, కాలే ప్రమాదం ఉంది.

## డైపర్: వాడి పారేసేదా, బట్టదా, అసలు లేకుండానా?

వాడి పారేసే డైపర్ లోపల సోడియం పాలీయాక్రిలేట్ అనే పదార్థం ఉంటుంది. ఇది తన బరువుకి ఎన్నో రెట్ల తడిని పీల్చి జెల్‌గా మార్చి పట్టి ఉంచుతుంది. 1980లలో ఈ జెల్ డైపర్లు వచ్చాక తడి చర్మానికి దూరంగా ఉండటం, ర్యాష్ తీవ్రత తగ్గడం వైద్యులు గమనించారు. కాబట్టి తేమ విషయంలో ఇవి బట్ట డైపర్ల కంటే ఒక మెట్టు పైనే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పైకి పొడిగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కువసేపు ఉంచేస్తాం. జెల్ మూత్రాన్ని పట్టుకుంటుంది, మలాన్ని పట్టుకోలేదు.

బట్ట డైపర్ తడవగానే తెలుస్తుంది, వెంటనే మార్చేవాళ్లుంటే పిల్లలు హాయిగా ఉంటారు. వెంటనే మార్చలేని ఇంట్లో అదే పెద్ద లోపం. పైన ప్లాస్టిక్, రబ్బరు కవర్ వేస్తే తడి, వేడి లోపలే ఉడుకుతాయి. ఉతికేటప్పుడు ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడొద్దు, బట్ట పీల్చే శక్తి తగ్గుతుంది. డిటర్జెంట్ మిగలకుండా ఇంకోసారి నీళ్లలో జాడించండి. జింక్ పేస్ట్ వాడే రోజుల్లో లోపల పల్చటి లైనర్ వేస్తే బట్ట పాడవదు.

నా ఉద్దేశంలో డైపర్ రకం కన్నా మార్చే వేళలే ముఖ్యం. నెలల పిల్లలకి దాదాపు రెండు గంటలకోసారి, కాస్త పెద్దయ్యాక మూడు నాలుగు గంటలకోసారి, మలం అయితే ఏ వయసులోనైనా వెంటనే. ర్యాష్ లేని బిడ్డని రాత్రి మూత్రం కోసం మాత్రమే నిద్రలేపక్కర్లేదు. ర్యాష్ ఉన్నప్పుడు ఒకసారైనా మార్చడం మేలు.

ఇక మూడో దారి, డైపర్ లేకుండా వదిలేయడం. ఇది ఎవరూ అమ్మరు కాబట్టి దీనికి ప్రకటనలు ఉండవు, కానీ పైన చెప్పిన నాలుగు కారణాలనీ ఒకేసారి తగ్గించేది ఇదొక్కటే. రోజుకి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలైనా, నీళ్లు ఇంకని షీట్ మీద గుడ్డ పరిచి బోర్లా పడుకోబెట్టండి. పక్కనే మెలకువగా ఉండండి. పక్కలు తడిస్తే మార్చుకుందాం. రాత్రి మొత్తం కుదరదు, పనికి వెళ్లే ఇంట్లో పగలు కూడా కష్టం. స్నానం చేయించాక, ఎలాగూ బట్టలు మార్చే ఆ కాస్త సమయాన్ని వాడుకోండి.

డైపర్ బిగుతు కూడా చూడండి. నడుం దగ్గర వేలు దూరాలి. ర్యాష్ ఉన్నన్నాళ్లు ఒక సైజు పెద్దది వేస్తే గాలి ఆడుతుంది.

## పౌడర్లు, ఇంటి చిట్కాలు

పౌడర్ వద్దు. టాల్కమ్ అయినా, మొక్కజొన్న పిండి అయినా గాల్లోకి లేచే సన్నటి ధూళి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా పసిపిల్లలకి పౌడర్ వద్దనే చెబుతోంది. వంటసోడా కలిపిన నీళ్లూ, పేస్టులూ వద్దు. దెబ్బతిన్న చర్మం గుండా అది శరీరంలోకి చేరి రక్తంలో లవణాల సమతుల్యం దెబ్బతిన్న సంఘటన వైద్య పత్రికల్లో నమోదైంది. తల్లిపాలు రాయడం మీద చిన్న అధ్యయనాలు జరిగాయి, తేలికపాటి ఎరుపుకి హాని లేదు. కానీ ఫంగస్ అనుమానం ఉన్నచోట దాన్ని నమ్ముకుని రోజులు గడపకండి.

## మీ పరిస్థితికి ఏది

పుట్టి నెల కూడా కాని బిడ్డ. ఏ మందు ట్యూబూ సొంతంగా వద్దు. నీళ్లు, దూది, సాదా పెట్రోలియం జెల్లీ లేదా జింక్ పూత. ర్యాష్ కనిపించాక డాక్టర్‌కి చూపించడానికి ఎక్కువ రోజులు ఆగకండి.

విరేచనాలు అవుతున్న బిడ్డ. 40 శాతం దగ్గర ఉన్న జింక్ పేస్ట్ ఇక్కడే పనికొస్తుంది. ఇంకా ఎర్రబడకముందే, మొదటి నీళ్ల విరేచనం నుంచే మందంగా వేయండి. వైప్స్ పక్కనపెట్టి నీళ్లతో కడగండి.

యాంటీబయాటిక్ మొదలుపెట్టిన బిడ్డ. రెండు చిక్కులు ఉన్నాయి: మలం పల్చబడుతుంది, ఈస్ట్ పెరుగుతుంది. మొదటి రోజు నుంచే పైపూత, రోజూ ఒకసారి మడతల్లో చుక్కల కోసం చూడటం. ఫంగస్ మందు ముందుజాగ్రత్తగా రాయక్కర్లేదు. యాంటీబయాటిక్‌ని మాత్రం ర్యాష్ వచ్చిందని మీరే ఆపేయొద్దు.

పగలు క్రెష్‌లోనో, ఇంకొకరి దగ్గరో ఉండే బిడ్డ. తేలిక పద్ధతే నిలబడుతుంది. ఐదు మెట్ల పద్ధతి చెబితే చూసుకునేవాళ్లు రెండే చేస్తారు. జెల్ డైపర్లు, ఒకే ట్యూబ్, "మలం అయితే వెంటనే మార్చండి, పాత పూతని రుద్ది తీయకండి" అన్న రెండు మాటలు. మందు క్రీము ఇంట్లోనే ఉదయం, రాత్రి రాసేలా డాక్టర్‌తో మాట్లాడండి.

మాటిమాటికీ ర్యాష్ వచ్చే బిడ్డ. క్రీమ్ మార్చడం ఆపి ఏం తాకుతోందో వెతకండి. వైప్, డిటర్జెంట్, డైపర్ బ్రాండ్ వీటిలో ఒక్కొక్కటే మార్చి వారం చూడండి, ఒకేసారి అన్నీ కాదు. తలమీద జిడ్డు పొలుసులు, మడతల్లో ఎరుపు కలిసి ఉంటే సెబోరిక్ డెర్మటైటిస్ కావచ్చు. నోటి చుట్టూ, చేతుల మీద కూడా ర్యాష్ ఉండి, విరేచనాలు అవుతూ, జుట్టు ఊడుతుంటే శరీరంలో జింక్ లోపం ఉండే అవకాశం ఉంది. ఇది అరుదు, కానీ పైన పూసే జింక్‌తో తగ్గదు, పరీక్ష చేయాల్సిందే.

## డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

జ్వరం, పొక్కులు, చీము, రక్తం, తెరిచిన పుండు, డైపర్ దాటి పాకుతున్న ఎరుపు, పాలు తాగకపోవడం, మగతగా ఉండటం: వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అదేరోజు చూపించండి. ఇవేవీ లేకపోయినా, తేమ తగ్గించి పూత సరిగ్గా వేసి రెండు మూడు రోజులైనా తేడా లేకపోతే వెళ్లండి. తేడా మొదలైతే అదే పద్ధతి కొనసాగించండి, కొత్తది ఏదీ కలపొద్దు.

వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ, వైప్స్ ప్యాకెట్టుతో సహా, సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. మొదటి రోజు ర్యాష్ ఫోటో ఉంటే చూపించండి, డాక్టర్‌కి అది చాలా ఉపయోగపడుతుంది. పరీక్ష చేసేరోజు ఉదయం జింక్ పేస్ట్ వేయకపోతే చర్మం స్పష్టంగా కనిపిస్తుంది. దారిలో బిడ్డకి ఇబ్బంది కలగకుండా పల్చగా పెట్రోలియం జెల్లీ పూస్తే చాలు.